పాత స్పోర్ట్సు కారుకు చవకైన మెరుగులు

ఇండ్లలో వాల్వు రేడియోలు వెలసిన తొలి దినములలో శ్రోతలు ఒక వింత గమనించెడివారు. చక్కగా సాగుచున్న కచేరీ నడుమ హఠాత్తుగా చిటపటమని శబ్దము వచ్చెడిది. అంతలో వీధిని ఒక మోటారుకారు సాగిపోయెడిది. దానితోపాటే ఆ శబ్దమును మాయమయ్యెడిది. ఇంజనులో పెట్రోలు ఆవిరిని వెలిగించుటకై ప్లగ్గువద్ద పుట్టు నిప్పురవ్వ ఒక చిన్న ప్రసారకేంద్రము వంటిది. అది పిలువని పేరంటముగా మన రేడియోలో ప్రవేశించెడిది. తరువాతి కాలమున ప్లగ్గు తీగలలో తగినంత విద్యుత్ నిరోధము చేర్చి ఈ బాధను తగ్గించినారు. అందుకైన ఖర్చు స్వల్పము. కలిగిన సుఖము మాత్రము కారు యజమానికే కాక వీధిలోని ఇండ్లన్నిటికిని దక్కినది.

ఈ చిన్న ముచ్చట నేటి విషయమునకు ప్రవేశిక. పాత స్పోర్ట్సు కారు ఒకటి చేతికి చిక్కిన యజమాని మనస్సు సాధారణముగా వేగముమీదికి పోవును. ఒక కార్బురేటరున్న చోట రెండు పెట్టింపవలెననియు, సైలెన్సరు మార్చి గర్జింపజేయవలెననియు, వెడల్పు చక్రములు బిగింపవలెననియు అతడు తలపోయును. ఇట్టివానికి ధనము నీరువలె ఖర్చగును. మోటారు చరిత్రను తిరుగవేసి చూచినచో వేరొక సంగతి కానవచ్చును. మనుష్యుల ప్రాణములు కాచి, బండ్ల ఆయువు పెంచిన మార్పులలో అనేకము చిన్నవి, చవకైనవి. బండిని ఆపునవి, రోడ్డును పట్టి ఉంచునవి, దారి చూపునవి, వేడిని తగ్గించునవి మొదట రావలెను. వేగము కడపట రావలెను.

ధనమొక్కటే భద్రతను కొనిపెట్టజాలదనుటకు మన ప్రాంతముననే ఒక నిదర్శనము కలదు. మానుకోట అని జనులు నేటికిని పిలుచుకొను మహబూబాబాదుకు ఆ పేరు ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను వలన వచ్చినదని చెప్పుదురు. ఆ ప్రభువు ఇంగ్లండులోని రోల్సు రాయిసు కంపెనీవారి సిల్వర్ ఘోస్టు కారు నొకదానిని కోరి చేయించినాడు. దానికి పసుపుపచ్చని రంగు, వెండి అలంకరణలు, వెనుకవైపున సింహాసనము వంటి ఆసనము అమర్చినారు. కాని ఆ కారు తన్ను చేరకమునుపే, 1911 ఆగస్టులో, ప్రభువు కన్నుమూసినాడు. అది చాల స్వల్పదూరమే తిరిగి, నేడు హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదమున సందర్శకుల కన్నులపండువుగా నున్నది.

ఇంతటి వైభవముగల కారులో ఒక లోటు కలదు. దాని ముందు చక్రములకు బ్రేకులు లేవు. సిల్వర్ ఘోస్టు తరగతి 1906 నుండి 1926 వరకు తయారైనను, నాలుగు చక్రములకును బ్రేకులు దానికి 1924 ప్రాంతమునగాని రాలేదు. నేడు బడిపిల్లవాడు తొక్కు సైకిలుకు సైతము ముందు వెనుకల రెండు బ్రేకులుండును! నాడు రాజాధిరాజు కారుకు సైతము లేని రక్షణ, తరువాత సామాన్యుని బండికి కూడ సహజమైనది.

ఊరేగింపులకు మాత్రమే వెడలు కారులో లోపములు త్వరగా బయటపడవు. ప్రతిదినము ఎండలో వానలో తిరుగు బండియే మరమ్మతు నేర్పును. నిజాము ప్రభుత్వ రైల్వే 1932లో 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో రోడ్డు రవాణా శాఖను ఆరంభించినది. తరువాతి రోడ్డు రవాణా సంస్థలకు అదియే పునాది. నాటి ఆల్బియను బస్సొకటి హైదరాబాదు బస్ భవనమున భద్రపరుపబడియున్నది. ప్రయాణికులను దినదినము గమ్యము చేర్చవలసిన బండికి అందముకన్న ముందు బ్రేకు, టైరు, దీపము, నీరు చూడవలెనని అట్టి రవాణాశాఖలలోని మెకానిక్కులకు ఎవరును బోధింపనక్కరలేదు. సొంత కారు యజమాని నేర్వవలసినదియు ఈ క్రమమే.

ఇక స్పోర్ట్సు కారు మాట. స్వాతంత్ర్యానంతరము విదేశీ కార్ల దిగుమతికి ప్రభుత్వము కట్టడులు విధించినది. కొన్ని దశాబ్దములు అంబాసిడరు, ఫియట్టు, స్టాండర్డు అను మూడు పేర్లే దేశమున ముఖ్యముగా వినవచ్చినవి. మద్రాసులోని స్టాండర్డు మోటార్ ప్రొడక్ట్సు ఆఫ్ ఇండియా 1961లో స్టాండర్డు హెరాల్డును విపణికి తెచ్చినది. దీని మాతృక 1959లో ఇంగ్లండున వెలసిన ట్రయంఫు హెరాల్డు. రూపము దిద్దినవాడు ఇటలీ దేశపు శిల్పి జొవాన్ని మికెలొట్టి. ముందు మడ్‌గార్డులతో సహా బానెట్టు మొత్తము ముందునకు వంగిపోవును గనుక ఇంజనును మూడువైపుల నుండియు చూడవచ్చును. బండి ఇరుకు సందులో సైతము తేలికగా తిరుగును. అన్నిటికన్న విశేషము, దీని ఛాసిస్‌ను కురుచచేసి దానిపైననే ట్రయంఫువారు 1962లో స్పిట్‌ఫైర్ అను రెండు సీట్ల స్పోర్ట్సు కారును నిర్మించినారు. ట్రయంఫును లేలాండు కంపెనీ 1961లో కొనిన పిదప, ఫ్యాక్టరీ మూలన దుప్పటి కప్పుకొనియున్న నమూనా బండి కొత్త అధికారుల కంటబడి, అటుపై దానికి ప్రాణము వచ్చినదని చెప్పుదురు. 1980 వరకు మూడు లక్షలకు పైగా స్పిట్‌ఫైర్లు తయారైనవి. మన వీధులలో తిరిగిన హెరాల్డు ఆ స్పోర్ట్సు కారుకు తోబుట్టువన్నమాట.

తోబుట్టువులకు గుణములతోపాటు దోషమును ఉమ్మడిగా వచ్చినది. ఈ రెండింటిలోను వెనుక ఇరుసు రెండు ముక్కలుగా ఉండి, నడుమ కీలుమీద పైకి క్రిందికి ఊగును. ఇరుసు వంగినపుడు దానితో చక్రమును వంగును. మలుపును వేగముగా తిరుగుచు, డ్రైవరు భయపడి ఆక్సిలరేటరునుండి కాలు చటుక్కున తీసినచో, బండి వెనుకభాగము పైకి లేచి, బయటివైపు చక్రము గుఱ్ఱము కాలు మడిచినట్లు లోనికి ముడుచుకొనును. అప్పుడు టైరు పట్టుతప్పి బండి గిరగిర తిరిగిపోవు ప్రమాదము కలదు.

ఇట్టి ఇరుసుగల మరొక కారు అమెరికాలోని షెవ్రొలే కార్వేరు. 1965లో రాల్ఫ్ నేడరు అను న్యాయవాది తన ప్రసిద్ధ గ్రంథములో దానిపై ధ్వజమెత్తినాడు. స్వల్ప వ్యయముతో అమర్పదగిన స్థిరీకరణ కడ్డీని 1960 నుండి 1963 వరకు వచ్చిన కార్లలో పెట్టలేదనుట అతని ముఖ్యమైన ఆరోపణ. 1964 నాటి కారులో కంపెనీ సవరణలు చేసినది. తరువాత 1972లో ప్రభుత్వ పరీక్షలు జరిపి, ఆ కారు సమకాలీనమైన ఇతర కార్లకన్న అపాయకరము కాదని తేల్చినారు. వాదము ఎట్లు ముగిసినను ఒక పాఠము మిగిలినది. ఆ కారులో ముందు టైర్లకు 15 పౌనులు, వెనుక టైర్లకు 26 పౌనులు గాలి ఉండవలెనని కంపెనీ నియమము. నాలుగింటికిని సమముగా గాలి కొట్టించినవాడు, తెలియకయే బండి స్వభావమును మార్చినవాడగును. పాత కారుకు మొదటి మెరుగు సరియైన గాలి. దానికి దాదాపు ఖర్చే లేదు!

ట్రయంఫువారు తమ దోషమును ఎట్లు సవరించుకొనిరో చూడుడు. స్పిట్‌ఫైర్‌కు అన్నయగు జి.టి.6 కారుకు 1968లో కొత్త కీళ్ళు, రబ్బరు జోడింపులు పెట్టినారు. అది మంచిదే గాని ఖరీదైనది. 1970లో వచ్చిన స్పిట్‌ఫైర్ నాలుగవ రూపమున వేరొక ఉపాయము పన్నినారు. వెనుక అడ్డముగా నుండు కమాను పట్టీలలో అధికభాగమును బిగించివేయక, నడిమి కీలుమీద ఊగునట్లు విడిచినారు. దానికి జతగా ముందువైపు కడ్డీని లావు చేసినారు. ఈ చవక ఉపాయము ఎంత ఫలించినదనగా, 1973 నాటికి జి.టి.6 సైతము తన ఖరీదైన అమరికను వదలి దీనినే స్వీకరించినది. పాత స్పిట్‌ఫైర్లకు ఈ పట్టీలను, వానికి తగిన ముందు కడ్డీని కలిపి బిగించుకొను యజమానులు నేటికిని కలరు. ఒకటి పెట్టి రెండవది మానరాదు. మన దేశమున స్టాండర్డువారు 1970 దశకపు తొలి సంవత్సరములలో తెచ్చిన గజెల్ కారులో ఊగు ఇరుసును పూర్తిగా విడిచి, ఒకే ముక్కగల గట్టి ఇరుసును పెట్టినారు. అరిగిన రబ్బరు బుష్షులను, ఓడిన షాకబ్జార్బర్లను మార్చకుండ ఈ పట్టీల జోలికి పోవుట మాత్రము గోడకు బీటలుండగా సున్నము వేయించుట వంటిది.

టైరు సంగతి తీసికొందము. గాలి టైరును 1888లో డన్‌లప్ వ్యాప్తికి తెచ్చినాడు. అటుపై గొప్ప మార్పు ఫ్రాన్సులోని మిషెలిన్ కంపెనీ 1946లో హక్కు నమోదు చేయించుకొనిన రేడియలు టైరు. పాత టైరులో నూలుపొరలు ఏటవాలుగా ఒకదానిపై నొకటి అడ్డముగా పోవును. రేడియలులో అవి అంచునుండి అంచునకు తిన్నగా సాగి, నేలనంటు భాగమున వేరొక పట్టా బిగించియుండును. అందుచే పక్కలు వంగినను అడుగుభాగము రోడ్డును విడువదు. పాత స్పోర్ట్సు కారుకు తగిన కొలత రేడియలు టైర్లు నాలుగును ఒక్కసారే వేయించుట, ఇంజనుపై పెట్టు ఏ ఖర్చుకన్నను మేలు. రెండు రకములను ఒకే ఇరుసుకు కలుపరాదు. ముందు రేడియలు, వెనుక పాత రకము ఎన్నడును ఉండరాదు. అరుగుదల లేదని పది పండ్రెండేండ్ల నాటి టైరును నమ్ముటయు పొరపాటే. షెడ్డులో నిలిచిన బండికి టైర్లు అరుగవు గాని రబ్బరు ఎండి పగులును. 2000 సంవత్సరము నుండి వచ్చిన టైర్ల ప్రక్కన నాలుగంకెలుండును. 2319 అని యున్నచో అది 2019 సంవత్సరపు 23వ వారమున పుట్టినదని తెలియును.

బ్రేకుల చరిత్రలో 1953 మరువరాని సంవత్సరము. ఆ యేడు ఫ్రాన్సులోని లె మాన్ ఇరువదినాలుగు గంటల పందెమున టోనీ రోల్ట్, డంకన్ హామిల్టన్‌లు నడిపిన జాగ్వారు గెలిచినది. దాని బలము డిస్కు బ్రేకులలో నున్నది. డ్రము బ్రేకు మాటిమాటికి వాడగా వేడెక్కి పట్టు సడలును. డిస్కు గాలికి తెరచియుండుటచే త్వరగా చల్లారును. అందుచే జాగ్వారు నడపరి మలుపునకు అతి సమీపమువరకు వేగముతో వచ్చి ఆపగలిగెను. బాగుగా ఆగగల బండియే ధైర్యముగా సాగగలదని లోకమునకు అప్పుడు తెలిసినది. మద్రాసు మోటార్ స్పోర్ట్సు క్లబ్బు కూడ 1953లోనే స్థాపితమైనది. మద్రాసుకు ఉత్తరమున నున్న షోలవరము పాత విమానరంగమున ఆ క్లబ్బు జరిపిన పందెములలో మన ఫియట్లును హెరాల్డులును ఎన్నో మార్పులతో పాల్గొన్నవి. విమానరంగపు నేరుదారిలో ఎవరైనను పరుగెత్తింతురు. మలుపువద్ద తెలియును ఎవరి బ్రేకు ఎట్టిదో.

స్పిట్‌ఫైర్‌కు ముందు డిస్కులు పుట్టుకతోనే కలవు. లేనివానికి అదే కుటుంబములోని పెద్ద బండినుండి తెచ్చి బిగింపవచ్చును. కాని అంతకుముందు చేయవలసినది వేరు. బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చుకొనును. తేమ చేరిన నూనె వేడికి మరిగి ఆవిరియగును. అప్పుడు పెడలు నేలను తాకినను బండి ఆగదు. రబ్బరు గొట్టములు పైకి బాగుగా నున్నట్లు కనిపించుచునే లోపల ఉబ్బి దారి మూయును. రెండేండ్లకొకసారి నూనె, పాతబడిన వెంటనే గొట్టములు మార్చుట అత్యల్ప వ్యయము. ఇంకొక మెట్టు పైకి పోదలచినవారు ఒకే పాయగల మాస్టరు సిలిండరును తీసి రెండు పాయలదానిని పెట్టుకొనవలెను. ఒక పాయ కారిపోయినను రెండవది రెండు చక్రములనైన పట్టును.

మొదట చెప్పిన నిప్పురవ్వ వద్దకు మరల వత్తము. చార్లెస్ కెటరింగు 1910 ప్రాంతమున కాడిలాకు కార్లకు అమర్చిన బ్యాటరీ మంటపద్ధతి అరువదేండ్లకు పైగా లోకమును ఏలినది. అందులో పాయింట్లు అను రెండు లోహపు ముక్కలు నిముషమునకు వేలసార్లు కలిసి విడిపోవుచు అరిగిపోవును. వాని స్థానమున డిస్ట్రిబ్యూటరు మూతక్రింద ఎవరికిని కనబడకుండ చిన్న ఎలక్ట్రానిక్ పరికరము నుంచవచ్చును. బండి ఉదయమున వెంటనే అందుకొనును. పెట్రోలును కొంత ఆదా యగును. తీసిన పాయింట్లను, కండెన్సరును కారులోనే భద్రపరచినచో నడిదారిలో పరికరము చెడినను పాత పద్ధతికి మరలవచ్చును. డైనమోకు బదులు ఆల్టర్నేటరు పెట్టినచో ఇంజను మెల్లగా తిరుగునపుడు సైతము బ్యాటరీ నిండును. అయితే 1960 దశకపు మధ్యవరకు పెక్కు బ్రిటీషు కార్లలో బ్యాటరీ పాజిటివు కొసను బాడీకి కలిపెడివారు. దానిని మార్చకుండ ఆల్టర్నేటరుగాని ట్రాన్సిస్టరు రేడియోగాని బిగించినచో అవి క్షణములో కాలిపోవును.

దీపముల విషయమును ఇట్టిదే. పాత కారులో హెడ్‌లైటుకు పోవలసిన విద్యుత్తంతయు డాష్‌బోర్డుమీది సన్నని స్విచ్చిగుండ తిరిగివచ్చును. దారిలోనే కొంత శక్తి నశించును. ఒక రిలే పెట్టి బ్యాటరీనుండి తిన్నగా తీగ లాగినచో పాత బల్బే కొత్త కాంతి నిచ్చును. 1971లో వచ్చిన ఎచ్.4 హాలొజెను బల్బు దానిపై మరొక మెట్టు. భూపాలపల్లి బొగ్గుగనుల దారిలో రాత్రివేళ లారీల నడుమ పోవు నేలబారు కారును ఊహించుకొనుడు. అందున్నవారికి తమ దీపములు ఎంత అవసరమో, లారీ డ్రైవరుకు కనిపించు వెనుక ఎర్రదీపములు అంతకన్న అవసరము. వోల్వో కంపెనీలో నిల్స్ బోలిన్ 1959లో రూపొందించిన మూడు కొసల సీటు బెల్టు కూడ ఈ సందర్భముననే స్మరణీయము. పాత బండిలో దానిని రేకుకు గాక, వెనుక గట్టి పలకలు వేసిన దృఢమైన చోట్ల బిగింపవలెను.

వేసవి మనకు గొప్ప పరీక్షకుడు. ఇంగ్లండు చలిలో పుట్టిన ఇంజనుకు తెలంగాణ రోహిణి కార్తె ఎండ తెలియదు. ఇచ్చట యజమానులు తొందరపడి పెద్ద రేడియేటరుకై వెదకుదురు. జనగామ దాపున పెంబర్తి గ్రామము ఇత్తడి రేకుపనికి పేరుగన్నది. పాత రేడియేటర్లును ఇత్తడి రాగి పనితనమే. కాలక్రమమున వాని సన్నని గొట్టములలో ఉప్పు పేరుకొని నీరు పారదు. తొట్టిని విప్పి గొట్టములు పొడిపించి తిరిగి అతికించినచో, పారవేయదలచిన రేడియేటరే పనికివచ్చును. స్పిట్‌ఫైర్‌లో రేడియేటరుకు ప్రక్కల అట్టముక్కలుండెడివి. ముందునుండి వచ్చు గాలి ప్రక్కలకు జారిపోకుండ అవి మళ్ళించెడివి. అవి చినిగిపోగా ఎవరును లెక్కపెట్టక, ఇంజను మరుగుచున్నదని వాపోవుట కలదు. చవకైన అట్ట చేయవలసిన పనిని ఖరీదైన రేడియేటరు చేయజాలదు.

ఇంధనము కూడ మారినది. సీసము కలిసిన పెట్రోలు మన దేశమున 2000 సంవత్సరమున నిలిచిపోయినది. సీసము వాల్వు కూర్చొను చోట్లకు కవచము వంటిది. కనుక ఎన్నడైన ఇంజను తల విప్పవలసివచ్చినపుడు గట్టి లోహపు సీట్లు వేయించుకొనుట మేలు. దానికై ప్రత్యేకముగా విప్పనక్కరలేదు. 2023లో మన బంకులలో నూటికి ఇరువది పాళ్ళు ఎథనాలు కలిసిన పెట్రోలు అమ్మకము మొదలై, క్రమముగా దేశమంతట వ్యాపించినది. పాత రబ్బరు గొట్టములు దీనికి మెత్తబడి కారును. కారిన పెట్రోలు వేడి ఇంజనుపై పడినచో మంట. ఎథనాలుకు తట్టుకొను కొత్త గొట్టములు బారెడు కొనుటకు అగు వ్యయము ఒక పూట భోజనమునకు సమానము. బండిలో ఒక చిన్న అగ్నిశమనిని ఉంచుటయు మరువరాదు.

కడపట ధర్మము, చట్టము రెండును చెప్పు మాట ఒకటి కలదు. 2021 జులైలో కేంద్రప్రభుత్వము ఏబదేండ్లు దాటిన వాహనములకు వింటేజి నమోదు నియమములు ప్రకటించినది. తొలి నమోదు రుసుము ఇరువదివేల రూపాయలు. గడువు పది సంవత్సరములు. వాహనము మూలరూపమున నుండవలెను; ఛాసిస్, బాడీ, ఇంజనులను గణనీయముగా మార్చరాదు. అట్లు నమోదైన బండిని ప్రదర్శనలకు, పరిశోధనకు, ర్యాలీలకు, మరమ్మతునకు తీసికొనిపోవచ్చునుగాని నిత్యప్రయాణమునకు వాడరాదు. కనుక వెడల్పు చక్రములకై మడ్‌గార్డు కోసినవాడు ధనముతోపాటు చరిత్రను కూడ పోగొట్టుకొనును. గొట్టము, తీగ, బల్బు, టైరు, కమానుపట్టీ వంటివి మరల విప్పదగినవి. విప్పిన ప్రతి భాగమునకు చీటీ కట్టి, పెట్టెలో దాచి, తరువాతి యజమానికి అప్పగించుట పెద్దమనిషి లక్షణము.

నిజాము కారు ఎక్కువగా తిరుగక నిలిచిపోయినది. తిరుగుటకై పుట్టిన స్పోర్ట్సు కారును అట్లు నిలుపుట దానికి న్యాయము కాదు. వచ్చే వేసవికి ముందు ఒక ఆదివారము ఉదయము షెడ్డు తలుపు తెరచి, మొదట టైర్ల ప్రక్కనున్న అంకెలు చదువుడు. పిమ్మట బ్రేకు గొట్టములను, పెట్రోలు గొట్టములను వ్రేళ్ళతో వంచి చూడుడు. సాయంకాలము దీపములు వెలిగించి వెనుకకు పోయి నిలువుడు. ఈ మూడును తృప్తికరముగా నున్నచో, రెండవ కార్బురేటరు మాట అప్పుడు ఆలోచింపవచ్చును.